కీళ్ల జబ్బు ఉన్న ఇంట గుండెను మరువకండి



తెల్లవారి లేచేసరికి చేతివేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. చీపురు పట్టాలన్నా, చెంబు ఎత్తాలన్నా ఒక గంట గడవాలి. ఎండలోకి వెళితే చెంపలు కందిపోతాయి. తల దువ్వుకుంటే వెంట్రుకలు గుప్పెడు వస్తాయి. పనికి వెళ్లక ముందే ఒళ్లంతా నీరసం. ఇటువంటి స్త్రీ మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉండవచ్చు. “చిన్న వయసులోనే వాతం పట్టింది, పాపం” అని అందరూ జాలిపడుతూ ఉంటారు.

ఒక రాత్రి ఆమెకు గుండెల్లో బరువుగా అనిపిస్తుంది. ఆయాసం వస్తుంది. చెమటలు పడతాయి. ఇంటివారు ఏమనుకుంటారు? “నలభై ఏళ్లు కూడ లేవు, గుండెపోటెందుకు వస్తుంది? గ్యాస్ అయి ఉంటుంది” అని సోడా తాగిస్తారు, లేక వాము నమిలిస్తారు. తెల్లవారిన తరువాత చూద్దాంలే అనుకుంటారు. ఆ కొద్ది గంటల ఆలస్యమే ఒక్కొక్కసారి ప్రాణం తీస్తుంది.

కొన్ని రకాల కీళ్ల జబ్బులు ఉన్నవారికి గుండె రక్తనాళాల జబ్బు తొందరగా, అదీ చిన్న వయసులోనే వచ్చే ప్రమాదం ఉన్నదని వైద్యులకు ఇప్పుడు బాగా తెలుసు. కాని ఈ సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలిస్తే చేయగలిగిన పని చాలా ఉన్నది. అందుకొరకే ఈ వ్యాసం.

ఇవి ఏ జబ్బులు?

మన శరీరంలో రోగనిరోధక శక్తి అనే కాపలా ఉన్నది. బయటి నుండి సూక్ష్మక్రిములు లోపలికి వస్తే వాటితో పోరాడి మనలను కాపాడటం దాని పని. కొందరిలో ఈ కాపలా దారి తప్పుతుంది. ఇంటి కుక్క దొంగను వదిలి ఇంటివారినే కరిచినట్లు, తన శరీరాన్నే శత్రువుగా ఎంచి దెబ్బతీస్తుంది. వీటినే ఆటో ఇమ్యూన్ జబ్బులు అంటారు.

శరీరంలోని అవయవాలను కలిపి పట్టి ఉంచే భాగాన్ని సంయోజక కణజాలం అంటారు. కీళ్లు, చర్మం, నరంబులు, రక్తనాళాల గోడలు, వీటన్నిటిలోనూ అది ఉంటుంది. దారి తప్పిన కాపలా దీనిమీద పడినప్పుడు ఒక చోట కాదు, ఒళ్లంతా జబ్బు కనిపిస్తుంది. లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం, చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మా, కళ్లు నోరు ఎండిపోయే షోగ్రెన్ జబ్బు ఈ కుటుంబానికి చెందినవే.

లూపస్ వచ్చినవారిలో పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. అందులోనూ ఎక్కువమంది పిల్లలను కనే వయసులో ఉన్నవారు. కొందరికి ముక్కుమీదుగా రెండు చెంపలమీద సీతాకోకచిలుక రెక్కలు చాచినట్లు ఎర్రని మచ్చ వస్తుంది. కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. రుమటాయిడ్ కీళ్లవాతంలో చేతివేళ్లు, మణికట్లు రెండు పక్కలా ఒకే విధంగా వాచి నొప్పి పెడతాయి.

వయసు పైబడి మోకాలి చిప్పలు అరగడం వేరు, ఈ జబ్బులు వేరు. 2005–06 సంవత్సరాలలో మన రాష్ట్రంలో చికున్‌గున్యా వ్యాపించిన తరువాత, ఏ కీలు నొప్పి వచ్చినా “అదే మళ్లీ వచ్చింది” అనుకోవడం కొందరికి అలవాటైంది. ఆరు వారాలు దాటినా కీళ్ల వాపు తగ్గకపోతే, పొద్దున్నే బిగుతు గంటకు మించి ఉంటే, తప్పక రక్తపరీక్ష చేయించి అసలు జబ్బు ఏమిటో తెలుసుకోవాలి.

టొరంటోలో ఒక వైద్యుడు గమనించిన సంగతి

కెనడా దేశంలోని టొరంటో నగరంలో మర్రే యురోవిట్జ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లూపస్ రోగులను ఏళ్ల తరబడి శ్రద్ధగా చూస్తూ వచ్చారు. 1976లో వారు ఒక చిన్న నివేదిక ప్రచురించారు. తాము చూస్తున్న 81 మంది రోగులలో 11 మంది చనిపోయారు. ఆ మరణాలను వరుసగా పరిశీలిస్తే అవి రెండు గుంపులుగా కనబడ్డాయి.

మొదటి గుంపు, జబ్బు బయటపడిన ఏడాదిలోపే పోయినవారు. వారికి లూపస్ తీవ్రంగా ఉన్నది, దానికి తోడు ఇన్ఫెక్షన్లు వచ్చాయి. అది వైద్యులు ఎరిగిన సంగతే. రెండవ గుంపు, సగటున ఎనిమిదిన్నర సంవత్సరాల తరువాత పోయినవారు. వారిలో లూపస్ అదుపులోనే ఉన్నది. వారిని తీసుకుపోయింది గుండెపోటు.

అంతవరకు వైద్యుల ధ్యాస అంతా లూపస్ మీదనే. రోగి మొదటి గండం దాటితే చాలు అనుకునేవారు. మందులు బాగుపడి రోగులు ఎక్కువ కాలం బ్రతకడం మొదలుపెట్టిన తరువాతనే, వెనుక నుండి వస్తున్న ఈ రెండవ గండం కంటబడింది.

తరువాత అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైద్యులు 498 మంది లూపస్ స్త్రీల వివరాలు పరిశీలించి 1997లో ప్రచురించారు. వారిలో 33 మందికి గుండెపోటుగాని, గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పిగాని కలిగింది. ఆ 33 మందిలో మూడింట రెండు వంతుల మందికి అది 55 సంవత్సరాల లోపే వచ్చింది. 35 నుండి 44 సంవత్సరాల మధ్య వయసు స్త్రీలను మాత్రమే తీసుకుంటే, లూపస్ ఉన్నవారికి గుండెపోటు వచ్చే అవకాశం అదే వయసు మామూలు స్త్రీలకంటె 50 రెట్లకు మించి ఉన్నట్లు తేలింది.

ఈ అంకె చూచి భయపడకండి

యాభై రెట్లు అనగానే గుండె ఝల్లుమనడం సహజం. కాని ఈ అంకెను సరిగా అర్థం చేసుకోవాలి. ఆ వయసు మామూలు స్త్రీలలో గుండెపోటు చాలా అరుదు. అరుదైనదానికి యాభై రెట్లు అంటే లూపస్ ఉన్న ప్రతి స్త్రీకి గుండెపోటు వస్తుందని కాదు. ఆ 498 మందిలో 465 మందికి గుండె జబ్బు రాలేదు కదా! మరి ఆ అంకె చెప్పేదేమిటి? “చిన్న వయసు కదా, స్త్రీ కదా, గుండెపోటు రాదులే” అన్న ధైర్యం ఈ జబ్బులు ఉన్నవారికి పనికిరాదు. అంతే.

రుమటాయిడ్ కీళ్లవాతంలో ప్రమాదం ఇంత ఎక్కువ కాదు. మామూలువారికంటె సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అందుకే ఐరోపా కీళ్లవాత వైద్యుల సంఘం, రుమటాయిడ్ రోగికి గుండె ప్రమాదం లెక్కగట్టేటప్పుడు వచ్చిన అంకెను 1.5 చేత హెచ్చించమని సలహా ఇచ్చింది. ఇంగ్లండులో గుండె ప్రమాదం లెక్కించే పట్టికలో కూడ 2017 నుండి లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం, స్టిరాయిడ్ మందుల వాడకం మూడూ ప్రమాద కారణాలుగా చేరి ఉన్నాయి.

మన విషయంలో ఇంకొక సంగతి కలుస్తుంది. అనేక దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పరిశోధనలో, దక్షిణ ఆసియా ప్రజలకు మొదటి గుండెపోటు సుమారు 53 ఏళ్ల వయసులో వస్తున్నదని, ఇతర దేశాలవారికి 59 ఏళ్లకు దగ్గరగా వస్తున్నదని తేలింది. అంటే మనం ఎలాగూ ఆరేళ్లు ముందున్నాము. దానికి ఈ జబ్బు కూడ తోడైతే జాగ్రత్త ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

రక్తనాళంలో జరిగేదేమిటి?

పొలానికి నీళ్లు పారే కాలువను తలచుకోండి. గట్టు నున్నగా, గట్టిగా ఉంటే నీరు సాఫీగా పోతుంది. గట్టు కోసుకుపోయి గరుకు తేలితే అక్కడ చెత్త, ఒండ్రు పట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ కాలువ పూడుతుంది.

గుండె నుండి శరీరానికి రక్తం తీసుకుపోయే నాళాలను ధమనులు అంటారు. వాటి లోపలి పొర అద్దంలా నున్నగా ఉంటుంది. బీపీ, షుగర్, పొగాకు, చెడ్డ కొలెస్ట్రాల్ దానిని దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న చోట కొవ్వు దూరి పూడిక ఏర్పడుతుంది. పూర్వం ఇది పైపులో మురికి పేరుకున్నటువంటి పని అనుకునేవారు. కాని 1999లో రస్సెల్ రాస్ అనే శాస్త్రవేత్త అప్పటివరకు తెలిసిన సంగతులన్నిటిని ఒకచోట చేర్చి, ఇది రక్తనాళపు గోడలో మెల్లగా రగిలే వాపు జబ్బేనని వివరించాడు. కొవ్వు ఉన్నచోటికి తెల్లరక్తకణాలు చేరతాయి, కొవ్వును మింగి ఉబ్బుతాయి, అక్కడే చచ్చి పూడికను పెంచుతాయి. ఒకనాడు ఆ పూడిక పైపొర చిట్లుతుంది. వెంటనే అక్కడ రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. అది గుండె నాళమైతే గుండెపోటు, మెదడు నాళమైతే పక్షవాతం.

ఇప్పుడు లూపస్ గాని, రుమటాయిడ్ గాని ఉన్నవారి సంగతి చూడండి. వారి కీళ్లలో రగిలే వాపు కీళ్లలోనే ఆగదు. ఆ వాపును పెంచే పదార్థాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. రక్తనాళపు పొరను రాత్రింబవళ్లు అవి గీకుతూనే ఉంటాయి. అందువలన మామూలువారికి అరవై ఏళ్లకు ఏర్పడే పూడిక వీరికి నలభైకే ఏర్పడవచ్చు.

2003లో అమెరికా వైద్యులు రెండు పరిశోధనలు ఒకేసారి ప్రచురించారు. న్యూయార్కులో 197 మంది లూపస్ రోగులకు, అదే సంఖ్యలో లూపస్ లేనివారికి మెడలోని రక్తనాళాలు స్కానింగ్ చేశారు. లూపస్ ఉన్నవారిలో నూటికి 37 మందిలో, లేనివారిలో నూటికి 15 మందిలో పూడికలు కనబడ్డాయి. రెండవది నాష్‌విల్‌లో జరిగింది. 65 మంది లూపస్ రోగుల గుండె నాళాలలో సున్నం పేరుకున్నదేమో చూడగా 20 మందిలో కనబడింది. లూపస్ లేని 69 మందిలో ఆరుగురిలో మాత్రమే కనబడింది. బీపీ, కొలెస్ట్రాల్ వంటి మామూలు కారణాలను లెక్కలోనికి తీసుకున్న తరువాత కూడ తేడా మిగిలే ఉన్నది. ఆ మిగిలిన తేడా జబ్బుదే.

కొందరు లూపస్ రోగుల రక్తంలో గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. దీనికి కారణమైన పదార్థాలను యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు అంటారు. ఇవి ఉన్న స్త్రీలకు మాటిమాటికి గర్భస్రావం కావడం, కాలిలో రక్తం గడ్డకట్టి వాపు రావడం, చిన్న వయసులో పక్షవాతం రావడం జరుగుతుంది. “దానికి కడుపు నిలవదు” అని అత్తవారింట నిందలు పడిన స్త్రీలలో కొందరికి అసలు కారణం ఇదే అయి ఉండవచ్చు. ఒక రక్తపరీక్షతో ఇది తెలుస్తుంది. మందు కూడ ఉన్నది.

నొప్పి చెప్పని గుండెపోటు

అమెరికాలోని మేయో వైద్యశాల పరిశోధకులు 2005లో ఒక ముఖ్యమైన విషయం ప్రకటించారు. రుమటాయిడ్ రోగులు గుండె నొప్పి అని చెప్పడం మామూలువారికంటె తక్కువ. కాని ఎవరికీ తెలియకుండా వచ్చి పోయిన గుండెపోట్లు, హఠాత్తుగా కలిగే మరణాలు వారిలో సుమారు రెండింతలు.

దీనిని మన పల్లె జీవితంతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. ఏళ్ల తరబడి నొప్పితో బ్రతికే మనిషి కొత్త నొప్పిని లెక్కచేయదు. భుజం నొప్పి వస్తే కీళ్లవాతమే అనుకుంటుంది. కడుపు మంట వస్తే బిళ్లల వలన అనుకుంటుంది. పైగా కీళ్ల నొప్పుల వలన ఆమె వడివడిగా నడవదు, బరువులు ఎత్తదు. గుండెకు శ్రమ కలిగితేనే కదా ఆ నొప్పి బయటపడేది!

కాబట్టి ఈ జబ్బులు ఉన్నవారిలో ఈ క్రింది గుర్తులను తేలికగా తీసుకోకండి:

• ఛాతీ మధ్యలో బరువు, పట్టేసినట్లు ఉండటం, మంట
• ఎడమ చేయి, రెండు భుజాలు, దవడ, వీపు లాగడం
• కొద్దిదూరం నడవగానే కొత్తగా ఆయాసం
• కారణం లేకుండా చల్లని చెమటలు, వికారం, కళ్లు తిరగడం
• మునుపెన్నడూ లేనంత నీరసం

ఇవి కొద్ది నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. తెల్లవారే వరకు ఆగవద్దు. ఈసీజీ తీసే సౌకర్యం ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ డాక్టరుగారితో మొట్టమొదట చెప్పవలసిన మాట, “ఈమెకు లూపస్ ఉన్నది” లేక “రుమటాయిడ్ ఉన్నది” అని. ఆ ఒక్క మాట చెప్పకపోతే, చిన్న వయసు చూచి వారు కూడ గ్యాస్ అనుకొనే ప్రమాదం ఉన్నది. మూతి ఒక పక్కకు పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా అదే తొందర అవసరం.

మందులలో మేలు చేసేవి, మోసం చేసేవి

ఈ జబ్బుల చికిత్సలో స్టిరాయిడ్లకు పెద్ద చరిత్ర ఉన్నది. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు మంచానపడి ఉన్న కీళ్లవాత రోగికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చాడు. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు, మరి ఇద్దరికి నోబెల్ బహుమానం లభించింది. కాని ఆ మందును ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పెరుగుతాయని, ఎముకలు గుల్లబారతాయని త్వరలోనే తెలిసివచ్చింది.

మన గ్రామాలలో చిక్కు ఇక్కడే. దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కునే చిన్న మాత్రలలో స్టిరాయిడ్ ఉంటుంది. సంతలలో అమ్మే కొన్ని పేరులేని వాతపు పొడులలో కూడ స్టిరాయిడ్ కలిపి ఉన్నట్లు పరీక్షలలో బయటపడింది. వేసుకోగానే నొప్పి మాయమవుతుంది. ముఖం గుండ్రంగా ఉబ్బితే “ఒళ్లు చేసింది, బాగుపడింది” అనుకుంటారు. లోపల రక్తనాళాలు పాడవుతూ ఉంటాయి.

అలాగని వైద్యుడు ఇచ్చిన స్టిరాయిడ్‌ను భయపడి ఒక్కసారిగా ఆపేయకండి. అది ప్రాణాపాయం. వైద్యుడే మెల్లమెల్లగా తగ్గించాలి. లూపస్ అదుపులోకి వచ్చిన తరువాత రోజుకు 5 మిల్లీగ్రాములు లేక అంతకంటె తక్కువకు తేవాలని, వీలైతే మాన్పించాలని ఐరోపా నిపుణులు 2023లో సలహా ఇచ్చారు.

నొప్పి బిళ్లల సంగతి కూడ చెప్పాలి. డైక్లోఫెనాక్ వంటివి రోజూ నెలల తరబడి మింగితే బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలు చెడతాయి, గుండెపోటు ప్రమాదం హెచ్చుతుంది. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందును గుండెపోట్లు, పక్షవాతం పెరుగుతున్నాయని తెలిసి 2004లో ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నారు. నొప్పి బిళ్ల నొప్పిని తగ్గిస్తుందే గాని జబ్బును ఆపదు.

జబ్బును ఆపే మందులు వేరు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదట మలేరియాకు వాడిన జాతి మందు. లూపస్ ఉన్న ప్రతివారికి, వాడకూడని కారణం ఉంటే తప్ప, ఇది ఇవ్వాలని నిపుణులు చెబుతున్నారు. జబ్బు తిరగబెట్టకుండా ఉంచడమే కాక, రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించడానికి, కొలెస్ట్రాల్, షుగర్ అదుపులో ఉండటానికి కూడ ఇది కొంత తోడ్పడుతుంది. మోతాదు బరువునుబట్టి ఉంటుంది, ఏళ్ల తరబడి వాడేవారు కంటి పరీక్ష చేయించుకోవాలి.

రుమటాయిడ్‌కు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దీనిని సరిగా వాడేవారిలో గుండెపోట్లు తక్కువగా ఉన్నట్లు పరిశీలనలు చెబుతున్నాయి. కాని ఒక హెచ్చరిక. ఈ మాత్ర రోజూ వేసుకునేది కాదు, వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకున్నవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక వారం నిర్ణయించుకొని, కాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. చదువురాని పెద్దలు ఇంట్లో ఉంటే ఆ బాధ్యత పిల్లలు తీసుకోవాలి. గర్భం ధరించాలనుకునేవారు ఈ మందు వాడకూడదు, ముందుగానే వైద్యునితో చెప్పాలి.

అవసరమైనవారికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు, రక్తం పలుచగా ఉంచే చిన్న ఆస్పిరిన్ మాత్ర వైద్యులు ఇస్తారు. ఇవి అందరికి కావు. పొరుగింటివారు వాడుతున్నారని మీరు వాడకండి.

ఏ పరీక్షలు అడగాలి?

కీళ్ల కొరకు వెళ్లినప్పుడు కీళ్ల సంగతే చెప్పి తిరిగి రాకండి. “డాక్టరుగారూ, నా గుండె సంగతి కూడ చూడండి” అని అడగండి.

మొదటిది బీపీ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఖర్చు లేకుండా చూస్తారు. లూపస్ ఉన్నవారికి అది 130/80 లోపు ఉండటం మేలని నిపుణుల సలహా. రెండవది షుగర్. మూడవది కొలెస్ట్రాల్. ఇందులో ఒక చిత్రమున్నది. రుమటాయిడ్ జబ్బు బాగా రగులుతున్నప్పుడు రక్తంలో కొలెస్ట్రాల్ తక్కువగా కనబడుతుంది, ప్రమాదం మాత్రం ఎక్కువగా ఉంటుంది. అందుచేత జబ్బు అదుపులో ఉన్నప్పుడు ఆ పరీక్ష చేయించడం మంచిది. నాల్గవది మూత్ర పరీక్ష. లూపస్‌లో మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయంటే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయన్న మాట. మూత్రపిండాలు చెడితే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే గుండె చెడుతుంది.

ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే పరీక్షలు ఒంట్లో వాపు ఎంత ఉన్నదో చూపుతాయి. ఈ వాపును అణచి ఉంచడమే గుండెకు కూడ రక్ష. కీళ్లు బాగుంటేనే గుండె బాగుంటుందని గుర్తుంచుకోండి.

రుమటాలజిస్టు అనబడే కీళ్లవాత నిపుణులు ప్రతి ఊరిలో లేరు. హైదరాబాదులోని నిమ్స్‌లో, వేలూరులోని సి.ఎం.సి. ఆస్పత్రిలో ఈ విభాగాలున్నాయి. ఒకసారి నిపుణునికి చూపించి, చికిత్స వ్రాయించుకొని, మధ్య మధ్య పరీక్షలు దగ్గరి ఆస్పత్రిలో చేయించుకోవచ్చు. కాగితాలన్నీ ఒక సంచిలో వరుసగా పెట్టుకోండి. ఆ సంచి ఎక్కడున్నదో ఇంటిల్లిపాదికి తెలియాలి.

ఇంట్లో మనం చేయగలిగినవి

పొగాకు మానాలి. ఇది అన్నిటికంటె ముఖ్యం. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా సరే. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలు నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ త్రాగే అలవాటున్నది. పొగ త్రాగేవారికి రుమటాయిడ్ జబ్బు వచ్చే అవకాశమే ఎక్కువ, వచ్చిన తరువాత రక్తనాళాలకు రెండింతల దెబ్బ. భర్త త్రాగే పొగ భార్యకు తగలడం కూడ మంచిది కాదు.

ఉప్పు తగ్గించాలి. ఊరగాయ, అప్పడం, ఎండుచేప, వడియాలు నిత్యం కాక ఎప్పుడైనా ఒకసారికే పరిమితం చేసుకోండి. ఒకసారి కాచిన నూనెను మళ్లీ మళ్లీ కాచి వాడకండి. ఆకుకూరలు, కూరగాయలు, పప్పు, తాజా చేప, జొన్న, రాగి మంచివి. ఖరీదైన పండ్లు అవసరం లేదు. పెరట్లోని జామకాయ, బొప్పాయి చాలు.

నడవాలి. నొప్పి ఉన్నదని మంచానికి అంటుకుపోతే కీళ్లు బిగుస్తాయి, ఒళ్లు పెరుగుతుంది, గుండె బలహీనమవుతుంది. జబ్బు తీవ్రంగా లేనప్పుడు పొద్దు పొడవక ముందో, పొద్దు వాలిన తరువాతో మెల్లగా నడవండి. లూపస్ ఉన్నవారికి ఎండ పడదు. నాట్లకు, కలుపుకు వెళ్లక తప్పనివారు నిండు చేతుల రవికె, తలగుడ్డ, గొడుగు వాడాలి. నడి ఎండలో పనికి దూరంగా ఉండాలి.

ఇంటివారికి ఒక మాట

ఈ జబ్బులలో పెద్ద కష్టం ఏమిటంటే, బయటికి ఏమీ కనబడదు. కాలు విరిగితే కట్టు కనబడుతుంది. జ్వరం వస్తే చేయి పెట్టి చూస్తాము. లూపస్ నీరసం కంటికి కనబడదు. అందుకే “పని తప్పించుకోవడానికి వేషాలు” అన్న మాట చాలామంది కోడళ్లు విన్నారు. అది వేషం కాదు. ఒంట్లో నిజంగా మంట రగులుతున్నది.

మరొక పొరపాటు కూడ తరచు జరుగుతున్నది. ఆరు నెలలు మందు వాడగానే నొప్పి తగ్గుతుంది. “బాగైపోయింది, ఇంకా మందులెందుకు? డబ్బు దండగ” అని ఆపేస్తారు. బాగైనది మందు వలననే. మందు ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఒక్కొక్కసారి మునుపటికంటె ఎక్కువగా. పొలం పండిందని కంచె పీకేస్తామా?

భర్తలారా, ఆస్పత్రికి ఆమెను ఒంటరిగా పంపకండి. వెంట వెళ్లి వైద్యుడు చెప్పినది వినండి. అత్తమామలారా, పొద్దున్నే ఒక గంట ఆమెకు కీళ్లు సడలే వ్యవధి ఇవ్వండి. పిల్లలారా, అమ్మ మాత్రలు వేసుకున్నదో లేదో అడగండి. ఆమె “గుండెల్లో ఏదోలా ఉన్నది” అంటే నవ్వి ఊరుకోకండి.

పూర్వం లూపస్ అంటే కొద్ది సంవత్సరాల బ్రతుకే అనుకునేవారు. ఈనాడు మందు సరిగా వాడేవారిలో చాలామంది పిల్లలను కని పెంచి, వారి పెళ్లిళ్లు కూడ చూస్తున్నారు. మొదటి గండాన్ని మందులు దాటించాయి. రెండవ గండాన్ని దాటించడానికి మందులకు మన ఎరుక కూడ తోడు కావాలి. వచ్చేసారి కీళ్లనొప్పి కొరకు వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, చేయి చాచి బీపీ చూపించుకొని రండి. అక్కడి నుండి ప్రారంభించవచ్చు.